కప్పతల్లికి నీళ్లు పోసిన పొద్దు

పోయిన వేసవిలో మెట్‌పల్లి నుంచి లచ్చవ్వ పోయిందని కబురొచ్చింది. లచ్చవ్వ నాకు చుట్టం కాదు, చిన్ననాటి జత. మా సాలెవాడలో వాళ్లింటికీ మా ఇంటికీ నడుమ ఒకటే గోడ. ఆ గోడలోని సందులోంచి మేమిద్దరం చింతకాయలూ, అన్నం ముద్దలూ, అబద్ధాలూ ఇచ్చిపుచ్చుకుంటూ పెరిగాం. మోకాళ్ల నొప్పులతో వెంటనే కదల్లేక దినాల రోజుకు వెళ్లాను. ఆమె కోడలు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, చాయ్ చేతికిచ్చి, చుట్టూ మూగిన పిల్లలకు నేనెవరో చెప్పింది. నేను హైదరాబాదులో యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరయ్యానని ఆమెకు తెలుసు. సైన్సు తనకు తెలిసింది నిజమేనని ఏ ధైర్యంతో అంటుంది, అడవి గురించీ వాన గురించీ మనం నమ్మేదానికీ చేసేదానికీ పొంతన ఎందుకుండదు అనేవి నా పాఠాలు. వాటి మీద లావుపాటి పుస్తకాలు కూడా రాశాను. ఆ సంగతులేవీ కోడలు ఎత్తలేదు. "గీమెనే, కప్పను ఇడిసిపెట్టిన పెద్దవ్వ" అంది. పిల్లలు నోటికి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు కప్పిన శాలువలన్నీ ఒక ఎత్తు, మా వాడ ఇచ్చిన ఈ బిరుదు ఒక్కటీ ఒక ఎత్తు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఆ కప్ప సంగతే తలచుకుంటూ వచ్చాను.

మా ఇల్లు గంజి వాసనతో తెల్లారేది. రాత్రి నానబెట్టిన నూకలను నాయినమ్మ పొయ్యి మీద పెద్ద గురిగిలో కాచేది. అందులో సగం మేం తాగడానికి కాదు, నూలు తాగడానికి. ఆ పులిసిన వాసన గోడలకూ, దుప్పట్లకూ, నా పుస్తకాలకూ పట్టి ఉండేది. బడిలో పక్కనున్న కోమటి పిల్ల ముక్కు మూసుకునేది. నాకైతే ఇప్పటికీ ఎక్కడన్నా గంజి వార్చిన వాసన తగిలితే ఆకలి కాదు, ధైర్యం పుడుతుంది. మా అవ్వది, అంటే అమ్మది, ఆదిలాబాద్. ఆమె పుట్టింటివాళ్లు పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవారు. చుట్టుపక్కల మరాఠీ వినీ వినీ ఆమెకు కోపమొస్తే నోట మరాఠీయే వచ్చేది. అత్తగారికి అర్థం కాదన్న ధీమాతో రాట్నం మీద నూలు కండెలు చుట్టుకుంటూ సణుగుతూ ఉండేది. ఒకనాడు నాయినమ్మ గంజి కలుపుతూనే, "నీ మరాఠీ తిట్లు నాకు ఎన్నడో నోటికొచ్చినయి, జర కొత్తయి నేర్సుకోరాదు" అంది. ఆ రోజంతా అవ్వ తలెత్తలేదు, సాయంత్రానికి ఇద్దరూ కలిసి నవ్వుకున్నారు.

మా బాపు, అంటే నాన్న, మాటలు తక్కువ మనిషి. నడుం దాకా గుంటలో దిగి మగ్గం ముందు కూర్చుంటే, చెప్పాల్సిందంతా ఆ మగ్గమే చెబుతున్నట్టు ఊరుకునేవాడు. నిజాం కాలంలో చదివిన కాసింత చదువు వల్ల ఆయనకు ఉర్దూ అక్షరాలు వచ్చు, తెలుగు రాదు. నా చిన్నతనానికి బడిలో ఉర్దూ పోయి తెలుగు వచ్చింది. సార్లు హాజరు మాత్రం పాత అలవాటు కొద్దీ ఉర్దూలోనే పిలిచేవారు. నేతగాళ్ల సంఘం ఆఫీసుకు వచ్చే పాత పేపరు ఏదన్నా దొరికితే బాపు నడుముకు చెక్కుకుని తెచ్చేవాడు. నేను గుంట అంచున కూర్చుని చేత్తో రాట్నం తిప్పుతూ, మోకాలి మీద పేపరు పెట్టుకుని చదివేదాన్ని. వార్త అర్థం కాకపోతే ఆయన మగ్గం ఆపేవాడు. ఆ ఆపడమే "మళ్లీ చదువు" అని. మా వాడలో పై తరగతికి వచ్చిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. నా ఈడు పిల్లలందరూ, లచ్చవ్వతో సహా, బడి మానేసి ఇంట్లో కండెలు చుడుతున్నారు. నన్నెందుకు మాన్పించలేదంటే, ఆ పేపరు చదివే మనిషి ఉండదని కావచ్చు. అంతకంటే పెద్ద కారణం ఉందని అప్పుడు నేననుకోలేదు.

నేత గురించి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి, లేకపోతే ఈ కథ తలకెక్కదు. బట్టలో నిలువునా ఉండే పోగులను పడుగు అంటారు. మగ్గానికి ఎక్కించే ముందు దాన్ని వీధిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా వెదురు కర్రల మీద లాగి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. ఇది ఒక్క ఇంటి పని కాదు, ఇరుగుపొరుగు చేయి వేయాల్సిందే. అందుకని వాడలో నాలుగైదు ఇళ్ల పడుగులు ఒకే పొద్దున వీధిలోకి వచ్చేవి. ఆరక ముందు నాలుగు చినుకులు పడ్డాయా, గంజి కారిపోయి పోగుకు పోగు అంటుకుని వారాల కష్టం ముద్దయిపోతుంది. కాబట్టి మాకు వాన కావాలి, కానీ వీధిలో పడుగున్నప్పుడు వద్దు. పంటలు పండితేనే కాపువాళ్లు పంచెలు కొంటారు, అదే వాన మా పడుగు మీద పడితే మేం పస్తు. దేవుడికి మా వాడ మొర ఏ కాలంలోనూ సూటిగా అర్థమై ఉండదు.

ఆ ఏడు మృగశిర కార్తె వచ్చింది, వాన రాలేదు. బావిలో చేద అడుగును గీరుతోంది. కాపులు మబ్బుల వంక చూసి చూసి మెడలు పట్టేసుకున్నారు. ఇక కప్పతల్లి ఆడాలని ఆడవాళ్లు అనుకున్నారు. మా వైపు వాన రాకపోతే చేసే పని అది. ఒక కప్పను పట్టి, తడిగుడ్డలో వేపమండలతో కలిపి రోకలి నడుమ కట్టి, ఇద్దరు పిల్లలు చెరో కొస పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. ఇంటావిడ బిందెతో ఆ కప్ప మీద నీళ్లు కుమ్మరించి ఇంత గింజలు పెడుతుంది. కప్ప బెకబెకమంటే వానదేవుడు వింటాడని నమ్మకం. రోకలికి ఒక కొస లచ్చవ్వ, ఇంకో కొస నేను. వెనక పిల్లల దండు, పాటలు పాడే ఆడవాళ్లు. అన్నిటికంటే ముందు మా నాయినమ్మ, పెళ్లికి బయల్దేరినంత హడావుడిగా.

ఆ పొద్దున మా వీధి నిండా పడుగులు కట్టి ఉన్నాయి, బాపుది కూడా. మేం వాటి పక్కన ఓరగా నడవాల్సి వచ్చింది. ప్రతి గడప ముందూ ఒకటే వరస. ఇంటావిడ భక్తిగా బిందె ఎత్తుతుంది, ఇంటాయన కుంచె పట్టుకుని పరిగెత్తుకొస్తాడు.

"ఓ పోశవ్వా, జర అవుతలికి జరిగి పొయ్యే! పడుగు మీద చిల్లుతున్నయి!"

"కప్పతల్లికి పోస్తుంటె అడ్డమొస్తవేందయ్యా? వాన వద్దా నీకు?"

"వాన కావాలె. గీ నీళ్లే వద్దంటున్న."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కుల పెద్ద నర్సయ్య తాత స్వయంగా చెంబెడు నీళ్లు పోసి, కప్పకు దండం పెట్టి, తిరిగి తన పడుగు దువ్వుకోవడానికి వెళ్లాడు. ఆయన నాయినమ్మకు మరిది వరస, బాపుకు చిన్నాయిన.

వాడ చివర బావి దగ్గర అందరూ ఆగారు. గింజలు పంచుకునే పనిలో ఆడవాళ్లు పడ్డారు. లచ్చవ్వ నీళ్లు తాగడానికి పోయింది. రోకలి గట్టుకు ఆనించి నేనొక్కదాన్నే కాపలా ఉన్నాను. అప్పుడు చల్లటి గాలి ఒకటి లేచింది. పడమట నల్లటి మబ్బు, మా చేద అంతది, కనపడింది. గుడ్డలో కప్ప బెకబెకమంది. ఇంతసేపు ఇంతమంది అడిగారు కదా, వాన వచ్చేస్తోంది! వీధిలో బాపు పడుగు ఇంకా తడిగానే ఉంది. పరిగెత్తి చెప్పేంత సమయం ఉందో లేదో తెలియదు. వాన ఈ కప్ప వల్లే వస్తుంటే, కప్ప లేకపోతే ఆగుతుంది. నాకంతకంటే స్పష్టంగా ఆ తర్వాత ఏ ఆలోచనా రాలేదు. ముడి విప్పి కప్పను బావి గట్టు వెనక తడినేలలోకి వదిలేశాను. అది ఒక్క గెంతు గెంతి, నా వైపు తిరిగి చూసి, రాళ్ల సందులోకి దూరింది. లచ్చవ్వ అప్పుడే తిరిగొచ్చి నోరు తెరుచుకుని నిలబడింది.

మబ్బు తేలిపోయింది. పడుగులు చక్కగా ఆరాయి. కానీ ఆ రోజూ వాన రాలేదు, తర్వాతి రోజులూ రాలేదు. లచ్చవ్వ పాపం ఎవరికీ చెప్పకూడదనే అనుకుంది గానీ, వాళ్లమ్మ ముందు దాని నోరు ఆగేది కాదు. ఆ సాయంత్రానికల్లా వాడంతా పాకింది. కాపులు కూడా మా వీధి వైపు చూసి, సాలోళ్ల పిల్ల వానను ఆపిందట అనడం మొదలుపెట్టారు. అవ్వ నీళ్లకు పోతే బావి దగ్గర మాటలు ఆగిపోయేవి. సెలవులయిపోయి బడి తెరిచే రోజు దగ్గరపడింది. నాకు వాన బెంగ లేదు, బడి బెంగే. మా వాడలో ఏ తప్పుకైనా ఆడపిల్ల విషయంలో ఒకటే మందు ఉండేది, బడి మాన్పించడం. ఒకనాడు పొద్దు గూకే ముందు నర్సయ్య తాత అరుగు మీద కులస్తులు కూడారు. బాపును పిలిచారు. నేను నాయినమ్మ చెంగు పట్టుకుని వెనక నిలబడ్డాను.

నర్సయ్య తాత కఠినుడు కాదు, కానీ తీర్పు చెప్పేటప్పుడు గొంతు సవరించుకునేవాడు. "రాజేశమా, పిల్లను ఏమనలేం. అదంత సదువు పెట్టిన చిచ్చు. ఆడిపిల్లకు గంత తెలివెందుకు? బడి మానిపిచ్చి ఇంట్ల కండెలు సుట్టిచ్చుకో. ఊరోళ్ల నోరు గూడ మూతపడ్తది" అన్నాడు. నలుగురూ తలలూపారు. నాయినమ్మ ఊరుకునే మనిషి కాదు. "ఓ నర్సయ్యా, కందకు లేని దురద కత్తిపీటకెందుకు? పిల్ల నా మనుమరాలు, కప్ప నేను పట్టిచ్చిన కప్ప" అంది. పెద్దలు ఆమె మాటను ఎప్పటిలాగే వినిపించుకోలేదు. బాపు నేల వంక చూస్తూ నిలబడ్డాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది, ఒప్పుకున్నాడనుకున్నాను. రాట్నం ముందు నన్ను నేను ఊహించుకున్నాను, లచ్చవ్వ పక్కన, రేపూ ఎల్లుండీ, ఆ తర్వాత కూడా.

బాపు మెల్లగా నావైపు తిరిగి, "ఎందుకిడిసినవ్ బిడ్డా?" అన్నాడు. అన్ని రోజులూ ఆ ప్రశ్న ఎవరూ నన్ను అడగలేదు. "నీ పడుగు తడుస్తదని" అన్నాను. అరుగు మీద ఎవరో దగ్గారు. బాపు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"చిన్నాయినా, ఒక్కటడుగుత, తప్పనుకోకు. గా పొద్దు అందరం కప్పతల్లికి నీళ్లు పోసినం గద. నువ్వు పోసినవు, నేను పోసిన. వాన రావాలెనని దండం పెట్టినం. మల్ల మనల ఎవలన్న ఇంటికి పోయి పడుగు ఎత్తిండ్రా?"

పెద్దలు వీధిలోని వెదురు కర్రల వైపు చూశారు.

"ఎవ్వలం ఎత్తలే. వాన వస్తదని నమ్మితె తడి పడుగు బజార్ల ఎందుకుంచుతం? మనం ఉత్తగ పోసినం చిన్నాయినా. వాన నిజంగ వస్తదనుకున్నది గీ పిల్ల ఒక్కతే. మనందరికంటె దానికే నమ్మకమున్నది. నమ్మినందుకు బడి మానిపియ్యాల్నా?"

ముందు పోశవ్వ కిసుక్కుమంది. తర్వాత మగవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నర్సయ్య తాత నవ్వు ఆపుకోవాలని మీసం నలుపుకున్నాడు, కుదరలేదు, చివరికి కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "నీ బాంచెన్, ఎన్నడు మాట్లాడనోనివి గిప్పుడు మాట్లాడితివి. పో, పంపుకో బడికి. కాని ఇంకో కప్పను గా పిల్లే పట్టుకరావాలె" అన్నాడు. నాయినమ్మ నా చేయి గట్టిగా నొక్కింది. ఆ నొప్పి నాకు ఇంత హాయిగా ఉండటమేమిటని ఆశ్చర్యపోయాను.

ఇంటికి నడుస్తుండగా బాపు నాతో మాత్రమే మాట్లాడాడు. ఆయనకు గెలిచిన సంతోషం కనిపించలేదు. "గాళ్లతోని అన్న గని, నాకే సమజైతలేదు బిడ్డా. నేను కప్పతల్లిని నమ్ముత. అబద్ధం కాదు. నీళ్లు పోసేటప్పుడు నిజంగనే మొక్కిన. మరి పడుగు ఎందుకు ఎత్తలే? ఎత్తాలెనని మనసుల మాటనే రాలే. నమ్ముడొక దిక్కు, చేసుడొక దిక్కు ఎట్లయితయి? నువ్వు చదువుతున్నవు గద, తెల్సుకుని నాకు చెప్పు" అన్నాడు. పెద్దవాళ్లు పిల్లలకు పని చెప్పడం మామూలే, ఇంత పెద్ద పని ఎవరికీ ఎవరూ చెప్పి ఉండరు. సరే బాపూ అన్నాను, బియ్యం తెమ్మంటే సరే అన్నట్టు.

రెండో కప్ప మర్నాడు మా నీళ్ల గోలెం కిందే దొరికింది. దాన్ని గంప కింద బోర్లించి తెల్లవారి ఊరేగించాలనుకున్నాం. అంతలో ఆ సాయంత్రమే వాన దంచి కొట్టింది, ఊరేగింపు లేదు, నీళ్లు పోయడం లేదు. ఇక మా వాడ తెలివి చూడాలి. పట్టినందుకే వచ్చిందని నర్సయ్య తాత అన్నాడు. నేను వదిలిన కప్ప పోయి వాళ్లమ్మకు చెప్పిందని నాయినమ్మ తేల్చింది. "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవలికెరుక" అని అవ్వ గంప ఎత్తి కప్పను సాగనంపింది. ఏ నమ్మకమూ తడవలేదు, అందరూ సంతోషంగా ఉన్నారు. ఒక సిద్ధాంతానికి ఎదురు సాక్ష్యం వచ్చినప్పుడు పండితులు దాన్ని ఎలా కాపాడుకుంటారో క్లాసులో చెప్పాల్సి వస్తే నాకు మా వీధే గుర్తొచ్చేది. వెక్కిరించడానికి చెప్పేదాన్ని కాదు. మొదటి దెబ్బకే చేతులెత్తేస్తే ఏ శాస్త్రమూ బతకదు, సైంటిస్టులూ తమ కప్పలకు ఏదో ఒక సాకు వెతుకుతారు, కొన్నిసార్లు ఆ సాకే నిజమవుతుంది కూడా. మా పూర్వులకు అన్నీ తెలుసనేవాళ్లతోనూ, ఏమీ తెలియదనేవాళ్లతోనూ జీవితమంతా పోట్లాడాను. ఇద్దరిలో ఏ ఒక్కరూ ఆ వీధిలో ఆ పొద్దున లేరు.

ఇప్పుడు మెట్‌పల్లి వీధుల్లోకి పడుగులు రావు. చేతి మగ్గాలు పోయి కరెంటు మగ్గాలు వచ్చాయి, గంజి వాసన పోయింది. బావి గట్టు మీద సిమెంటు పలక వేశారు, కప్పల గొడవ వినాలంటే ఊరి బయటికి వెళ్లాలి. అయినా ఆ రోజులే మంచివని అననూ లేను. గుంటలో కూర్చుని కూర్చుని బాపు కాళ్లు వాచేవి, లచ్చవ్వకు జీవితంలో తన పేరు రాయడం రాలేదు. రోకలి రెండు కొసలూ ఒకటే బరువు మోశాయి, ఒక కొస మాత్రమే బడికి పోయింది. ఇది తలచుకున్నప్పుడల్లా నా కృతజ్ఞతకు కొంచెం సిగ్గు అంటుకుంటుంది. భూమి వేడెక్కుతోందని మేం పెద్ద పెద్ద హాళ్లలో మాట్లాడుకున్నాం, ఆ హాళ్లు వణికేంత చల్లగా ఉండేవి, అక్కడికి నేనూ కారులోనే వెళ్లాను. మాట్లాడినవాళ్లలో ఎవరూ అబద్ధాలకోరులు కారు. బాపు అడిగిన ప్రశ్నకు నేను చాలా పేర్లు నేర్చుకున్నాను, చాలా వాదనలు నేర్చుకున్నాను. జవాబు అని చేతిలో పెట్టదగినది ఆయన పోయేనాటికి దొరకలేదు, ఇప్పటికీ దొరకలేదు.

కరీంనగర్‌లో మేనత్త ఇంట్లో ఉండి పై బడి చదివాను, హైదరాబాదులో మొక్కల శాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాను. అది పూర్తి చేసి ఇంటికి వచ్చిననాడు చుట్టాలంతా మా వాకిట్లో చేరారు. జగిత్యాల సంబంధం సిద్ధంగా ఉంది, కరీంనగర్‌లో టీచరు నౌకరి దొరికేలా ఉంది. నేనేమో ఇంకా పరిశోధన చేస్తానని, అదీ మొక్కల మీద కాదు, తత్వశాస్త్రంలో అని తలవంచుకునే చెప్పాను. ముసలివాడైన నర్సయ్య తాత, "మొక్కల సదువు అయిపోయిందంటివి, గిప్పుడు ఆలోచనల సదువా? గది సదువుకు అందుతదా?" అని హాస్యమాడాడు. అవ్వ నాకేసి చూసి కళ్లతోనే చాలించమంది. నాకు ఆసరాగా మాట్లాడే నాయినమ్మ అప్పటికే లేదు. బాపు గుంటలో నేస్తూనే ఉన్నాడు. ఆయన వింటున్నాడో లేదో కూడా తెలియలేదు. ఇంతలో మగ్గం ఆగింది.

"నేనడిగింది తెల్సిందా బిడ్డా?"

ఏది అని నేను అడగలేదు. "తెల్వలే బాపూ" అన్నాను.

"ఆడ సార్లకు తెల్సా?"

"వాళ్లకు గూడ తెల్వదు. ఎతుకుతున్నరు."

బాపు చుట్టాల వైపు చూడలేదు, అవ్వ వైపు చూడలేదు. తెగిన పోగు ఒకటి వెతికి పట్టుకుని ముడి వేస్తూ, "పని కాకముందే ఇంటికెందుకొచ్చినవ్ మరి? పో, ఇంకా చదువు" అన్నాడు.